గాలిలో బొగ్గుపులుసు వాయువు: ప్రకృతి లెక్క, మన లెక్క

ఫైనల్ బి.యస్సి. విద్యార్థి, కొండకర్ల

ఇప్పుడు ఎక్కడ నలుగురు కూడినా ఎండల మాట రాకుండా పోదు. ఆ మాట వచ్చిందంటే రెండు పక్షాలు ఏర్పడటం కూడా ఖాయం. "ఇదంతా మనిషి చేసుకున్నదే" అని ఒకరంటే, "కాలం ఎప్పుడు మారలేదు గనక? ప్రకృతి తన పని తాను చేసుకుపోతోంది" అని ఇంకొకరంటారు. హాస్టల్లోనూ ఇదే వాదన, మా ఊళ్లో రచ్చబండ దగ్గరా ఇదే వాదన. రెండు వైపులా గొంతు పెద్దదే గాని లెక్క చెప్పేవాళ్లు తక్కువ. సైన్సు చదువుకుంటున్న విద్యార్థిగా ఆ లెక్కను నాకు అర్థమైనంత వరకు మీ ముందుంచాలని ఈ చిన్న ప్రయత్నం.

ముందుగా ఒక మాట. గాలిలో బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, ప్రకృతి సిద్ధంగా మారుతూ వచ్చిందన్నది నిజం. ఏ శాస్త్రజ్ఞుడూ దీన్ని కాదనడు. ఎంత మారింది, ఎంత కాలంలో మారింది, ఎందువల్ల మారింది, ఇప్పటి మార్పు కూడా ఆ కోవలోదేనా అన్నవే అసలు ప్రశ్నలు.

ఈ వాయువు చేసే పని

గాలిలో నత్రజని 78 పాళ్లు, ఆమ్లజని 21 పాళ్లు. బొగ్గుపులుసు వాయువు మాత్రం పది లక్షల పాళ్లలో సుమారు 425 పాళ్లే. "ఇంత కాస్త వాయువు ఏం చెయ్యగలదు?" అని ఎవరికైనా అనిపిస్తుంది.

1856లో అమెరికాలో యూనిస్ ఫూట్ అనే మహిళ గాజు గొట్టాల్లో వేరువేరు వాయువులు నింపి ఎండలో పెట్టింది. బొగ్గుపులుసు వాయువున్న గొట్టం ఎక్కువ వేడెక్కింది, చల్లారడానికి ఎక్కువ సేపు పట్టింది. 1859లో జాన్ టిండాల్ మరో అడుగు ముందుకు వేసి, భూమి నుంచి పైకి పోయే వేడి కిరణాలను ఈ వాయువూ నీటి ఆవిరీ పట్టుకుంటాయని, నత్రజని, ఆమ్లజని పట్టుకోవని కొలిచి చూపాడు. అంటే గాలిలో 99 పాళ్లున్నవి చెయ్యని పనిని ఈ చిటికెడు వాయువు చేస్తోందన్న మాట. 1896లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్హీనియస్ ఈ వాయువు రెట్టింపయితే భూమి ఎంత వేడెక్కుతుందో కాగితం మీద లెక్క కట్టాడు. కాబట్టి ఇది నిన్నగాక మొన్న పుట్టిన సిద్ధాంతం కాదు.

పొలానికి వెళ్లేవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. పుష్యమాసంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి చలి కొరికేస్తుంది, మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. నేల వదిలిన వేడిని మబ్బు పోనివ్వదు. ఈ వాయువులు కూడా అలాంటి కంబళ్లే. అవే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేదని లెక్క. కంబళి ఉండటం మేలే. అది రోజురోజుకూ మందం అవుతుంటేనే చిక్కు.

ఆవ చెప్పే పాఠం

మా ఊరి పేరు చెప్పగానే అందరికీ ఆవ గుర్తొస్తుంది. కొల్లేరు తరువాత రాష్ట్రంలో అంతటి మంచినీటి సరస్సు ఇదేనని పేరు. తాటి దోనెల మీద ఆవలోకి వెళ్లేవాళ్లు పిట్టల్నీ తామరల్నీ చూస్తారు. నేను ఇంకొక సంగతి చూడమంటాను. ఆ తామరలు, తుంగ, నాచు అంతా ఏ సరుకుతో తయారైంది? చాలామంది నీటితోనూ మట్టితోనూ అంటారు. కాని ఎండిన మొక్కలో దాదాపు సగం బరువు కర్బనం. ఆ కర్బనం గాలిలోంచి వచ్చినదే. మొక్క చచ్చి కుళ్లితే అది తిరిగి గాలిలోకి పోతుంది. గాలి ఆడని బురదలో కుళ్లితే మీథేన్ బుడగలై పైకి వస్తుంది. ఏ కొంచెమో బురద కింద పూడిపోయి అక్కడే ఉండిపోతుంది.

చెరకు కథ కూడా ఇదే. బెల్లంలో అధిక భాగం సుక్రోజు. మన కెమిస్ట్రీ పుస్తకంలోని ఫార్ములా ప్రకారం దానిలో 42 శాతం కర్బనం. 10 కిలోల సుక్రోజు తయారు కావాలంటే చెరకు ఆకు గాలిలోంచి సుమారు 15 కిలోల బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవాలి. అనకాపల్లి మార్కెట్టులో దిమ్మల కొద్దీ అమ్మేది ఒక విధంగా చూస్తే గట్టిపడిన గాలే! బెల్లం పొయ్యిలో మనం చెరకు పిప్పి వేస్తాం. పొగ వస్తుంది, ఆ పొగలో బొగ్గుపులుసు వాయువూ ఉంటుంది. కాని అది నిరుడు ఆ చెరకే గాలిలోంచి తీసుకున్నది. ఈ ఏడు వేసిన తోట మళ్లీ దాన్ని లాక్కుంటుంది. చేబదులు తీసుకున్నాం, తీర్చేశాం. పొగ వల్ల కళ్లు మండినా గాలి ఖాతాలో నిలవ పెరగదు.

భూగోళం మొత్తం ఇలాగే ఊపిరి తీస్తుంది. అమెరికాకు చెందిన చార్లెస్ కీలింగ్ 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద ఈ వాయువును కొలవడం మొదలుపెట్టాడు. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగిర్చి పెరిగే నెలల్లో అది 6, 7 పాళ్లు తగ్గడం, ఆకులు రాలి కుళ్లే నెలల్లో మళ్లీ పెరగడం కనిపించింది. మనవైపు కూడా హైదరాబాదు దగ్గర షాద్‌నగర్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వారు 2014లో ఏడాది పొడుగునా కొలిచారు. వానలు పడి పచ్చదనం కమ్ముకున్న కాలంలో వాయువు తగ్గింది, ఎండలు ముదిరిన కాలంలో ఎక్కువగా ఉంది. ఇదీ ప్రకృతి సహజమైన మార్పు. పోటు, పాటు లాంటిది.

పాత ఆవల బురద

మరి బురద కింద పూడిపోయిన ఆ కొంచెం సంగతేమిటి? అదే బొగ్గు కథ.

1856లోనే, అంటే ఫూట్ గాజు గొట్టాలు ఎండలో పెట్టిన ఏడే, మన దేశంలో ఒరిస్సాలోని తాల్చేరు దగ్గర బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ వింత రాతి పొరలను గమనించారు. మెత్తటి మట్టిలో పెద్ద పెద్ద బండలు కూరుకుపోయి ఉన్నాయి. నీటి ప్రవాహం అలా పేర్చదు. మంచు పలకలు మోసుకొచ్చి వదిలితేనే అలా ఉంటాయి. వేడికి పేరుపడ్డ మన నేల మీద సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట హిమానీనదాలు నడిచాయన్న మాట! అప్పటికి మన భూభాగం దక్షిణ ధ్రువానికి దగ్గరగా గోండ్వానా ఖండంలో ఉండేది. మన గోదావరి లోయలోనూ గోండ్వానా రాళ్లకు అడుగున ఆ తాల్చేరు పొరలే ఉన్నాయి.

మంచు కరిగాక ఆ నేలల్లో విశాలమైన చిత్తడి అడవులు పెరిగాయి. గ్లాసోప్టెరిస్ అనే చెట్ల ఆకులు ఈనాటికీ రాళ్లలో అచ్చుపడి దొరుకుతాయి. ఆ చెట్లు గాలిలోంచి కర్బనాన్ని తీసుకొని, కూలి, బురదలో పూడి, పొర మీద పొర పడి, బొగ్గయ్యాయి. తాల్చేరు బొగ్గు, సింగరేణి బొగ్గు అలా వచ్చినవే. ఒక్క మాటలో చెప్పాలంటే బొగ్గు గనులు పాతకాలపు ఆవలు. గాలిలోంచి అంత కర్బనం భూమిలోకి దిగిపోవడం ఆ యుగంలో ప్రపంచం చల్లగా ఉండటానికి ఒక ముఖ్య కారణమని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు.

మా ఊరికి దూరం కాని పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 2002లో మొదలై ఇప్పుడు 2000 మెగావాట్ల సామర్థ్యంతో ఉన్న ఈ కేంద్రానికి తాల్చేరు గనుల నుంచి బొగ్గు వస్తుంది. పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు 20 లక్షల యూనిట్లు. బొగ్గు కరెంటుకు యూనిట్‌కు సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వస్తుంది గనుక, గంటకు దాదాపు 2 వేల టన్నులు. ఆ కరెంటుతోనే మా బోరు మోటారు తిరుగుతోంది, ఆ దీపం కిందే నేను చదువుకుంటున్నాను. కాబట్టి నిందించడానికి ఇది చెప్పడం లేదు. పిప్పి పొగకూ బొగ్గు పొగకూ తేడా ఎక్కడుందో చూపడానికి చెబుతున్నాను. మొదటిది నిరుటి గాలి. రెండోది పాతిక కోట్ల ఏళ్లకు పైగా భూమిలో దాగిన గాలి. దాన్ని తిరిగి పీల్చుకోవడానికి ఈ ఏడు కొత్తగా ఏ తోటా మొలవదు.

మంచు దాచిన గాలి

"మనిషి పుట్టక ముందు ఎంత ఉండేదో మీకెలా తెలుసు?" అన్నది న్యాయమైన ప్రశ్నే. అంటార్కిటికాలో ఏటేటా పడిన మంచు గట్టిపడుతున్నప్పుడు దానిలో గాలి బుడగలు చిక్కుకుంటాయి. 3 కిలోమీటర్ల లోతుకు పైగా తొలిచి తీసిన ఆ మంచు కడ్డీల్లో 8 లక్షల ఏళ్ల గాలి సీసాలో పెట్టినట్లు భద్రంగా ఉంది. అది చెప్పేది ఇది: హిమయుగాల్లో సుమారు 180 పాళ్లు, నడుమ వచ్చిన వెచ్చని కాలాల్లో 280 నుంచి 300 పాళ్లు. అంతకు మించింది లేదు. పరిశ్రమలు పెరగక ముందు, 1750 ప్రాంతంలో 280.

చివరి హిమయుగం ముగిసేటప్పుడు ప్రకృతి ఈ వాయువును దాదాపు 80 పాళ్లు పెంచింది. అందుకు పట్టిన కాలం సుమారు 7 వేల ఏళ్లు. 1958లో మౌనా లోవాలో 315 పాళ్లు ఉండేది. మరో 80 పాళ్లు పెరగడానికి పట్టింది 55 ఏళ్లు. 2024 సగటు 424 దాటింది. వేల ఏళ్ల పనిని మనం ఒక మనిషి ఆయుష్షు కన్నా తక్కువ కాలంలో చేశాం.

పెంచింది ఎవరు?

ఇక్కడికి వచ్చేసరికి మా పెదనాన్న అడ్డుపడ్డారు. "ఒరే, అడవులూ సముద్రాలూ ఒదిలే గాలి ముందర మనిషి ఒదిలేది ఏపాటిరా? ఏనుగు ముందర సీమంత కాదేటి?" అన్నారు. ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. చెట్లు, నేల, సముద్రం ఏడాదికి వదిలేది మనిషి వదిలేదానికి ఎన్నో రెట్లు. కాని అవి వదిలినంతా తిరిగి తీసుకుంటాయి కూడా.

పెదనాన్నకు నేను గాదె లెక్క చెప్పాను. గాదెలో మనం ఏడాదిలో 41 బస్తాలు పోశాం. సంవత్సరాంతాన కొలిస్తే 20 బస్తాలే పెరిగింది. అప్పుడు మిగతావాళ్లు గాదెలో పోశారా, గాదెలోంచి తీశారా? తీశారనే కదా! ఈ అంకెలు ఊరికే చెప్పినవి కావు. మనుషులు బొగ్గు, చమురు, గ్యాసు, సిమెంటు, అడవుల నరికివేత వల్ల ఏడాదికి వదిలేది సుమారు 41 వందల కోట్ల టన్నులు. గాలిలో నిలవ పెరుగుతున్నది అందులో సగం వరకే. మిగతా సగాన్ని సముద్రాలు, అడవులు మింగుతున్నాయి. ప్రకృతే ఈ పెరుగుదలకు కారణమైతే గాలిలో నిలవ మనం పోసినదానికన్నా ఎక్కువ పెరగాలి. జరుగుతున్నది సరిగ్గా దానికి ఎదురు. ఎల్ నినో వచ్చిన ఏడు అడవులు ఎండి తక్కువ మింగుతాయి, నిలవ ఎక్కువ పెరుగుతుంది. 2023 నుంచి 2024కి 3.5 పాళ్లు పెరగడంలో దాని వంతు ఉంది. అది ఏటేటి ఒడిదుడుకు, అసలు పెరుగుదల మనది.

ఇంకో మూడు సాక్ష్యాలు కూడా ఉన్నాయి. బతికున్న మొక్కలో కార్బన్-14 ఉంటుంది. దాని అర్ధ జీవితకాలం సుమారు 5,730 ఏళ్లు కాబట్టి కోట్ల ఏళ్ల బొగ్గులో అది మచ్చుకైనా మిగలదు. 1955లో హాన్స్ స్యూస్ చెట్ల వలయాలను పరీక్షించి, పరిశ్రమల కాలంలో గాలిలోని కార్బన్-14 పలచబడిందని చూపాడు. పాత కర్బనం కలిసిన గుర్తు అది. రెండవది, మొక్కలకు బరువైన కార్బన్-13 అంతగా సరిపడదు. గాలిలో దాని పాలు తగ్గుతోందంటే కలుస్తున్నది మొక్కల నుంచి వచ్చిన కర్బనమే. మూడవది, ఏది మండినా ఆమ్లజని ఖర్చవుతుంది. గాలిలో ఆమ్లజని స్వల్పంగానే అయినా ఏటేటా తగ్గుతోందని చార్లెస్ కీలింగ్ కొడుకు రాల్ఫ్ కీలింగ్ మొదలుపెట్టిన కొలతలు చెబుతున్నాయి. అగ్నిపర్వతాల నుంచో సముద్రంలోంచో వచ్చిందైతే ఈ మూడు గుర్తులూ ఇలా కలవవు.

నాలుగు అభ్యంతరాలు

మొదటిది అగ్నిపర్వతాలు. రాజమండ్రి దగ్గర కాటేరులోనూ గోదావరికి అవతల పంగిడి వైపూ తవ్వే నల్లరాయి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి లావా. దక్కను పీఠభూమిని కప్పిన ఆ లావాతో బొగ్గుపులుసు వాయువు అపారంగా వెలువడింది. కాని అది లక్షల ఏళ్ల వ్యవధిలో. ఈనాడు ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలేది మనిషి వదిలేదానిలో రెండు శాతానికి లోపే. అవి వదిలినదాన్ని తీసేసే పని రాళ్లు చేస్తాయి. వాన నీటిలో ఈ వాయువు కరిగి పులుసవుతుంది. ఆ నీరు మన తూర్పు కనుమల్లాంటి కొండల రాళ్లను కొద్దికొద్దిగా తిని, కర్బనాన్ని సముద్రానికి మోసుకుపోతుంది. ప్రకృతికి తన సర్దుబాటు తనకుంది. అయితే అది లక్షల ఏళ్ల గడియారంతో నడుస్తుంది.

రెండవది, "మంచు కడ్డీల్లో ముందు వేడి పెరిగి, తరువాత వాయువు పెరిగింది కదా!" అన్నది. అంటార్కిటికాలో మొదట్లో కొంత అలాగే జరిగింది. భూమి కక్ష్యలో కలిగే చిన్న మార్పులు వేడిని మొదలుపెట్టాయి, వెచ్చబడిన సముద్రం వాయువును వదిలింది, ఆ వాయువు భూగోళమంతటా వేడిని పెంచింది. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్లు, ఒకటి రెండోదాన్ని పెంచింది. ఈసారి కక్ష్య మారలేదు. విత్తు మనమే నాటాం.

మూడవది సూర్యుడు. 1980 ప్రాంతం నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న సూర్యకాంతిలో పెరుగుదల లేదు. పైగా కింది గాలి వేడెక్కుతుంటే పై అంతస్తైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడింది. ఎండే కారణమైతే రెండూ వేడెక్కాలి. కంబళి మందమైతేనే కింద వేడి, పైన చలి.

నాలుగవది, "రాక్షసబల్లుల కాలంలో ఇంతకన్నా ఎక్కువ ఉండేదట" అన్నది. నిజమే. ఆదిలాబాదు ప్రాంతంలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా మ్యూజియంలో ఎవరైనా చూడవచ్చు. అది తిరిగిన జురాసిక్ కాలంలో గాలిలో ఈ వాయువు ఇప్పటికన్నా ఎక్కువే. కాని అప్పుడు వరి లేదు, చెరకు లేదు, పూడిమడకలో వలలు ఆరేసుకునే ఇల్లు ఒక్కటీ లేదు. మన పంటలు, మన ఊళ్లు అన్నీ 280 పాళ్ల ప్రపంచంలో ఏర్పడ్డవి.

రైతుకు ఏమిటి?

"మొక్కలకు అది ఆహారమే కదా, పెరిగితే మంచిదే" అని కొందరంటారు. వరి లాంటి పంటలకు కొంత బలం వస్తుంది. చెరకు వేరే మార్గంలో ఆహారం చేసుకునే మొక్క కాబట్టి నీరు చాలినంత ఉన్నప్పుడు దానికి లాభం తక్కువ. వరిలోనూ గింజ పెరిగినా సారం తగ్గుతోంది. వాయువు 550 పాళ్ల దాకా పెంచి పండించిన ప్రయోగాల్లో బియ్యంలో జింకు, ఇనుము, మాంసకృత్తులు తగ్గినట్లు 2014లో ప్రకటించారు. ఫిలిప్పీన్స్ వరి పరిశోధనా సంస్థ పొలాల్లో ఎండాకాలపు పంటకు రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్లు 2004లో తేల్చారు. సముద్రమట్టం 1901 నుంచి 2018 వరకు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. మాకున్నది ఒక ఎకరం చెరకు, ఒక ఎకరం వరి. పది శాతమంటే మా ఇంట్లో అది ఒక ఫీజు కట్టడమా మానడమా అన్న ప్రశ్న.

అందుకే ఈ వాదన నాకు కేవలం డిబేటు కాదు. ఇది ప్రకృతి చేసిన పనే అయితే వానకు గొడుగు పట్టినట్లు భరించడం తప్ప దారి లేదు. మనిషి చేసిందైతే మనిషి తగ్గించుకోగలడు. తగ్గించడంలో న్యాయం కూడా ఉండాలి. భారతీయుడు సగటున ఏడాదికి 2 టన్నులు వదులుతుంటే అమెరికావాసి 14 టన్నుల దాకా వదులుతున్నాడు. ఆవ ఒడ్డున పిప్పి కాల్చుకునే రైతునూ, దేశాల బొగ్గు పద్దునూ ఒకే కాటాలో తూచడం తగదు. అలాగని మన చేతిలో ఏమీ లేదనీ కాదు. వరికి ఆరుతడి పెడితే మీథేన్ తగ్గుతుంది, నీరూ మిగులుతుంది. ఆవలాంటి చిత్తడి నేలల్ని పూడ్చకుండా కాపాడుకుంటే బురదలోని కర్బనం బురదలోనే ఉంటుంది. ఎండకు కొదవ లేని మన జిల్లాలో మోటార్లు ఎండతోనే తిరగవచ్చు.

చివరిగా మిత్రులకు ఒక విన్నపం. కీలింగ్ పని పైకి ఏమంత గొప్పగా కనిపించేది కాదు. రోజూ గాలి కొలవడం, పుస్తకంలో రాయడం. 1964లో డబ్బు చాలక కొన్ని నెలలు ఆగింది కూడా. అయినా పట్టు విడవలేదు కాబట్టే ఈ రోజు మనం ఊహతో కాకుండా అంకెతో మాట్లాడగలుగుతున్నాం. మన సైన్సు అసోసియేషన్ తరఫున ఒక వానమాపకం, ఒక కనిష్ఠ గరిష్ఠ థర్మామీటరు, ఒక రిజిస్టరు పెట్టుకుందాం. రాత్రి ఉష్ణోగ్రత, వాన, వంతులవారీగా రోజూ రాద్దాం. సెలవుల్లో ఊళ్లకు వెళ్లినవాళ్లు అక్కడా రాసుకుని రావాలి. మన జూనియర్లకు ఇరవై ఏళ్ల తరువాత వాదించుకోవడానికి ఆ రిజిస్టరైనా మిగులుతుంది. మొదటి నెల వంతు నేను తీసుకుంటాను. రెండో నెలకు పేరు ఇచ్చేవాళ్లు ఫిజిక్స్ లాబ్ దగ్గర కలవండి.